బుగ్గలో పుల్ల తిప్పి పేరు రాసిచ్చొచ్చాను, ఇంట్లో పెద్ద గొడవ. మ్యాండీ ష్వార్ట్జ్ గురించి ఎవరికైనా తెలుసా?

న్యూహేవెన్_నాని:
అందరికీ నమస్తే. నేను కనెక్టికట్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. పోయిన వారం ఫ్రెండ్‌ని కలవడానికి యేల్ క్యాంపస్‌కి వెళ్తే అక్కడ వరసగా బల్లలేసుకుని, కాలేజీ టీమ్ జెర్సీలు వేసుకున్న అమ్మాయిలూ అబ్బాయిలూ దారినపోయేవాళ్ళందర్నీ పిలుస్తున్నారు. ఫ్రీగా పిజ్జా ఏమైనా పెడుతున్నారేమో అనుకుని వెళ్ళాను, నిజం చెప్తున్నా. తీరా చూస్తే బోన్ మారో, అంటే ఎముక లోపలి మజ్జ, దానమిచ్చేవాళ్ళ రిజిస్ట్రేషన్. దూది పుల్లలు బుగ్గ లోపల తిప్పి కవర్లో పెట్టాలి, ఒక ఫారం నింపాలి, అంతే. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఈ డ్రైవ్ మ్యాండీ ష్వార్ట్జ్ అనే అమ్మాయి పేరు మీద చేస్తున్నారట. ఎవరామె అని అడిగితే "మా కాలేజీ హాకీ ప్లేయర్, ల్యుకేమియాతో పోయింది" అన్నారు, వెనక లైను ఉంది కాబట్టి ఇంకేం అడగలేదు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో మాటల్లో మాటగా అమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "ఎముకలోకి సూది దించుతారు, నడుం పడిపోతుంది, పెళ్ళి కావాల్సినవాడివి, నీకేం పోయేకాలం" అని ఏడుపు. నాన్న అయితే "ఎవర్నడిగి సంతకం పెట్టావు" అని ఒక్క ముక్క అని లేచి వెళ్ళిపోయారు, మూడు రోజులైంది నాతో మాట్లాడి. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు, నేనొక్కణ్ణే కొడుకుని, వాళ్ళ భయం నాకర్థమవుతుంది. కానీ నాకూ సరిగ్గా తెలీదు కదా చెప్పడానికి.

ఆ అమ్మాయి కథేంటి? దీని వల్ల నిజంగా ప్రమాదం ఉందా? అమెరికాలో తెలుగువాణ్ణి నేను పేరిస్తే ఎవరికైనా పనికొస్తుందా, లేక ఊరికే లెక్కలో ఒక నంబరా? ఒకవేళ వద్దనుకుంటే పేరు తీసేయమనొచ్చా?

గుంటూరు_గోంగూర:
బ్రో హాకీ అంటే మన ధ్యాన్‌చంద్ హాకీయేనా? అమ్మాయిలు అమెరికాలో హాకీ ఆడతారా?

సెయింట్‌లూయిస్_సుబ్బారావు:
గోంగూర గారూ, ఇక్కడ ఉత్త హాకీ అంటే మంచు మీద ఆడేదే. మనది ఆడాలంటే ముందు ఫీల్డ్ అని తగిలించాలి, లేకపోతే ఎవడికీ అర్థం కాదు.

నాని తమ్ముడూ, ఆ అమ్మాయి గురించి నాకు తెలుసు, అదీ మా ఊరి టీమ్ వల్ల. నేనిక్కడ చాలా ఏళ్ళ నుంచి ఉంటున్నా, ఐస్ హాకీ అంటే మొదట్లో కొట్టుకోవడం తప్ప ఏం కనపడేది కాదు. ఆఫీసులో నా పక్క సీటాయన బలవంతంగా టీవీ ముందు కూర్చోబెట్టి నేర్పించాడు. మా టీమ్ బ్లూస్‌లో జేడెన్ ష్వార్ట్జ్ అని ఒకతను 17 నంబరు జెర్సీతో ఆడేవాడు. ఆ 17 వాళ్ళ అక్కది. ఆ అక్కే మ్యాండీ.

వాళ్ళది కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రం, విల్‌కాక్స్ అనే చిన్న ఊరు. చుట్టూ గోధుమ చేలు, మధ్యలో హాకీకి పేరున్న ఒక హాస్టల్ స్కూలు, అంతే ఊరంటే. మన దగ్గర కొన్ని ఊళ్ళలో ఇంటికొక కబడ్డీ ఆటగాడు ఉంటాడు చూడు, అలాంటిదే అనుకో. ముగ్గురు పిల్లలు, ముగ్గురూ ఆడేవాళ్ళే. మ్యాండీ పెద్దది, 1988లో పుట్టింది, యేల్‌లో సీటొచ్చింది, సెంటర్ పొజిషన్‌లో ఆడేది. మూడో సంవత్సరం చదువుతుండగా, 2008 డిసెంబరులో, అలసట ఎక్కువగా ఉంటోందని పరీక్షలు చేయిస్తే ఏఎమ్‌ఎల్ అని తేలింది, అంటే చాలా వేగంగా ముదిరే రకం బ్లడ్ క్యాన్సర్. అంతకు ముందు మ్యాచ్‌లు ఆడుతున్న పిల్ల, ఒక్కసారి ఊహించుకో. అప్పటికి ఇరవై ఏళ్ళు.

ఇంటికెళ్ళి కీమో చేయించుకుంది, తగ్గింది, 2010 జనవరిలో మళ్ళీ యేల్‌కి వచ్చి క్లాసుల్లో కూర్చుంది. ఏప్రిల్‌లో తిరగబెట్టింది. అప్పుడు డాక్టర్లు వేరేవాళ్ళ మారో ఎక్కించే ట్రాన్స్‌ప్లాంట్ తప్ప దారి లేదన్నారు. తమ్ముళ్ళిద్దరివీ మ్యాచ్ కాలేదు. ప్రపంచంలో ఉన్న రిజిస్ట్రీలన్నీ, అంటే దాతల పేర్ల జాబితాలన్నీ, వెతికినా సరిగ్గా సరిపోయే డోనర్ దొరకలేదు, వాళ్ళ పూర్వీకులు రష్యన్, జర్మన్, ఉక్రెయిన్ కలిసినవాళ్ళు, ఆ కలగలుపే కష్టమైంది. అప్పుడే యేల్‌లో పిల్లలందరూ బల్లలు వేసి పుల్లలు పట్టుకున్నారు. ఆ మూలాలున్న గర్భిణులు ప్రసవమయ్యాక బొడ్డుతాడు రక్తం ఇవ్వండని కూడా అడిగారు, మామూలు మారో కంటే దానికి మ్యాచింగ్ కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదట కాబట్టి.

చివరికి ఆ బొడ్డుతాడు రక్తంతోనే 2010 సెప్టెంబరులో సియాటిల్‌లో ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. ఆ జూన్‌లోనే తమ్ముడు జేడెన్‌ని మా బ్లూస్ వాళ్ళు డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే చోట, మొదటి రౌండ్‌లో, 14వ వాడిగా ఎంచుకున్నారు. అంటే ఒకే ఇంట్లో, రెండు మూడు నెలల తేడాలో, ఒకరి ఆట మొదలు, ఇంకొకరు ఆసుపత్రి మంచం మీద. డిసెంబరులో మళ్ళీ క్యాన్సర్ వచ్చింది. 2011 ఏప్రిల్ 3న పోయింది, 23 ఏళ్ళు.

2019 జనవరి మొదట్లో మా బ్లూస్ మొత్తం లీగ్‌లో అట్టడుగున ఉన్నారు, మేమందరం ఆ సీజన్ వదిలేసుకున్నాం, జూన్‌లో వాళ్ళే లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ ఎత్తారు. ప్లేఆఫ్స్‌లో జేడెన్ 12 గోల్స్ కొట్టాడు. ఆ రాత్రి డౌన్‌టౌన్‌లో ఎవరి వీపు మీద 17 కనపడినా నాకు వెళ్ళి భుజం తట్టాలనిపించింది. మా ఆవిడ పిచ్చెక్కిందా అంది.

గుంటూరు_గోంగూర:
సుబ్బారావు గారూ, కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పారు. ఒక డౌటు. ఆట ఆడలేకపోతే స్కాలర్‌షిప్ పీకేస్తారు కదా అక్కడ? ఆ అమ్మాయి మళ్ళీ కాలేజీకి ఎలా వచ్చింది?

సెయింట్‌లూయిస్_సుబ్బారావు:
యేల్, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఇచ్చేదంతా ఇంటి ఆదాయం చూసి ఇచ్చే సాయమే. కాబట్టి ఆట పోయినంత మాత్రాన సీటు పోదు.

నాకింకొకటి గుర్తొచ్చింది. ఫిల్ కెసెల్ అని, మిన్నెసోటా యూనివర్సిటీలో ఒక్క ఏడాది ఆడి ప్రొఫెషనల్‌గా వెళ్ళినవాడు. 2006 డిసెంబరులో, బోస్టన్ టీమ్‌లో మొదటి సీజన్‌లోనే, వృషణాల క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయ్యాక నెల తిరక్కుండా మంచు మీదకొచ్చాడు, తర్వాత ఏళ్ళకేళ్ళు ఒక్క మ్యాచ్ కూడా మానకుండా ఆడి లీగ్ రికార్డు కొట్టాడు. ఇద్దరికీ క్యాన్సరే, ఇద్దరిదీ కాలేజీ వయసే. మనోధైర్యం ఉంటే ఏదైనా జయించొచ్చు అనే వాట్సాప్ ఫార్వర్డులు చూస్తే నాకు అందుకే ఒళ్ళు మండుతుంది, మ్యాండీకి ధైర్యం తక్కువైందా ఏం? వచ్చిన జబ్బు వేరు.

వార్డు_రౌండ్స్:
పైన ఆ చివరి ముక్కకి ఒక దండం. నేను హెమటాలజీలో, అంటే రక్త జబ్బుల విభాగంలో, ట్రైనింగ్‌లో ఉన్నాను, నాని అడిగినవాటికి నాకు తెలిసినంత చెప్తాను. నీ రిపోర్టులు చూడకుండా ఇచ్చే సలహా కాదిది, మామూలుగా జరిగేది.

మీ అమ్మగారి భయం ముందు. వెన్నెముక జోలికి ఎవరూ వెళ్ళరు. ఆ మాట మూడుసార్లు చెప్పు ఆవిడకి. ఇప్పుడు ఎక్కువమంది దాతల దగ్గర స్టెమ్ సెల్స్, అంటే రక్తాన్ని తయారుచేసే మూలకణాలు, తీసేది చేతి నరం నుంచి, ప్లేట్‌లెట్స్ ఇచ్చినట్టే. దానికి ముందు సుమారు ఐదు రోజులు చర్మం కింద ఇంజెక్షన్లు ఇస్తారు, ఎముకల లోపల ఉండే మూలకణాలు ఎక్కువగా తయారై రక్తంలోకి వస్తాయి. ఆ రోజుల్లో ఒళ్ళు నొప్పులు, తలనొప్పి ఉంటాయి, వైరల్ జ్వరం వచ్చినట్టు ఉంటుంది, ఇంజెక్షన్లు ఆగాక పోతాయి. తర్వాత మెషీన్ పక్కన నాలుగు నుంచి ఆరు గంటలు పడుకోవాలి. ఒక చేతి నుంచి రక్తం వెళ్ళి, కావాల్సిన కణాలు వేరుచేసుకుని, మిగతాది రెండో చేతిలోకి తిరిగొస్తుంది. రెండో పద్ధతిలో మత్తిచ్చి నడుం వెనక కటి ఎముక నుంచి మారో తీస్తారు, కొన్ని రోజులు అక్కడ సలుపుతుంది. అది కూడా వెన్నుపాముకి సంబంధం లేని చోటు. రెండింట్లోనూ ఇచ్చినది ఒంట్లో కొన్ని వారాల్లో మళ్ళీ తయారవుతుంది. అసలు ప్రమాదమే లేదని చెప్పను, మత్తుకి ఉండే రిస్క్ మత్తుకి ఉంటుంది, అందుకే ముందు దాతకి పూర్తిగా చెకప్ చేస్తారు, ఏ మాత్రం అనుమానం ఉన్నా వద్దంటారు.

ఇక తెలుగువాడి పేరు పనికొస్తుందా అన్నది. ఇది బ్లడ్ గ్రూపులా నాలుగు రకాలు కాదు. హెచ్‌ఎల్‌ఏ అని కణాల మీద గుర్తులుంటాయి, సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. అందుకే తోబుట్టువు పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి మాత్రమే. ఇంట్లో దొరక్కపోతే బయట వెతకాలి, బయట దొరికేది ఎక్కువగా అదే మూలాలున్న మనుషుల్లోనే. అమెరికా రిజిస్ట్రీ లెక్కల్లో తెల్లవాళ్ళకి పూర్తి మ్యాచ్ దొరికే అవకాశం 79 శాతం అయితే నల్లవాళ్ళకి 29 శాతం. తేడా జబ్బులో లేదు, పేరిచ్చినవాళ్ళ సంఖ్యలోనూ మూలాల్లోనూ ఉంది. మనవాళ్ళం తరాలుగా మన మన కులాల్లోనే, చాలా ఇళ్ళలో మేనరికాలే చేసుకుంటూ వచ్చాం కదా, కాబట్టి మన గుర్తులు మనవాళ్ళ దగ్గరే దొరికే అవకాశం ఎక్కువ, జర్మనీ రిజిస్ట్రీలో ఎన్ని లక్షల పేర్లున్నా గుంటూరులో పేషెంటుకి పెద్దగా ఒరిగేది లేదు. ఇండియాలో చెన్నైలో దాత్రి అని 2009 నుంచి ఉంది, ఇంకా ఒకటి రెండు ఉన్నాయి, కానీ మన జనాభాకి ఆ పేర్లు చాలా తక్కువ. ఈ రిజిస్ట్రీలు ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి, నువ్వు కనెక్టికట్‌లో ఇచ్చిన పుల్ల విజయవాడ పేషెంటుకి వెతికినప్పుడు కూడా కనపడొచ్చు.

ఈ మధ్య సగం మ్యాచ్‌తో, అంటే అమ్మో నాన్నో పిల్లలో ఇస్తే కూడా, ట్రాన్స్‌ప్లాంట్లు బాగా చేస్తున్నారు. 2010 నాటికి అది ఇంత మామూలు కాలేదు. అలాగని రిజిస్ట్రీల పని అయిపోలేదు.

బొడ్డుతాడు రక్తం మాట వచ్చింది కాబట్టి ఒకటి. ప్రసవానికి ముందు ప్రైవేటు బ్యాంకుల వాళ్ళు వచ్చి, మీ బిడ్డకి రేపు ల్యుకేమియా వస్తే ఇదే కాపాడుతుంది, యాభై వేలో లక్షో కట్టండి అంటారు. బిడ్డకి ల్యుకేమియా వస్తే సొంత బొడ్డుతాడు రక్తం సాధారణంగా వాడరు, ఆ జబ్బు బీజాలు అందులోనూ ఉండొచ్చు. మ్యాండీకి వాడింది ఎవరో తల్లులు ఊరికే దానమిచ్చినది. ఈ రెండూ ఒకటి కాదు.

ఎడమచేతి_ఫుల్‌బ్యాక్:
ఈ థ్రెడ్ పొద్దుట్నుంచి నాలుగుసార్లు తెరిచి మూసేశాను. రాస్తాను.

నేను కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు హాకీ ఆడాను, మన హాకీ. ఇప్పుడంటే ఊళ్ళో టర్ఫ్ ఉంది, జాతీయ పోటీలు కూడా పెట్టారు, మా రోజుల్లో గులకరాళ్ళ గ్రౌండే, పడితే మోకాలి చర్మం అక్కడే ఉండిపోయేది. మా సెంటర్ హాఫ్ ఒకడుండేవాడు, పేరెందుకులెండి, వాడి కాళ్ళ దగ్గరికి బంతి వెళ్తే మేం వెనక ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఇంటర్ యూనివర్సిటీకి సెలెక్ట్ అయ్యాడు, ఆ తర్వాత రైల్వే ట్రయల్స్‌కి వెళ్దామని ఇద్దరం అనుకున్నాం. మా లాంటి వాళ్ళకి అప్పట్లో హాకీ అంటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే, ఇండియా జెర్సీ ఎవరికి కావాలి.

క్యాంపులో వాడు నాలుగు రౌండ్లు పరిగెత్తి గోల్‌పోస్టు పట్టుకుని నిలబడిపోయేవాడు. కోచ్ తిట్టేవారు, బద్ధకం అని. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందని నాకు చెప్పాడు, బ్రష్ మార్చరా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను తింటుంది. తొడ మీద నీలం మచ్చలుంటే బంతి తగిలి ఉంటుందిలే అనుకున్నాం, హాకీ వాడికి మచ్చలు లేనిదెప్పుడు. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాశాడు, మూడు వారాలు అవే మింగాడు. జ్వరం దిగకపోయేసరికి ఎవరో రక్త పరీక్ష రాస్తే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి. అప్పుడు హైదరాబాద్ తీసుకెళ్ళారు. ఏఎమ్‌ఎల్.

వాడు బతికాడు. అది చెప్పకుండా ఆపితే మీరింకోలా అనుకుంటారు. వాడికొచ్చింది కీమోతోనే లొంగే రకమట. చెల్లెలికి టెస్టు చేస్తే మ్యాచ్ కాలేదు, అప్పట్లో రిజిస్ట్రీ అనే మాట కూడా మాకెవరూ చెప్పలేదు, అదృష్టం బాగుండి అవసరం పడలేదు. ఎకరంన్నర పొలం అమ్మారు. ఏడాదిన్నర తర్వాత గ్రౌండ్‌కి వచ్చి స్టిక్ పట్టుకుంటే వాడి చేతుల్లో అది ఊగింది. ట్రయల్స్‌కి వయసు దాటిపోయింది. నేను ఒక్కణ్ణే వెళ్ళాను, ఉద్యోగం వచ్చింది, అది వాడి ఉద్యోగమని నాకు అనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఎరువుల షాపులో లెక్కలు చూస్తాడు, ఇద్దరు పిల్లలు. నేను ఊరెళ్ళినప్పుడు అన్నీ మాట్లాడుకుంటాం, హాకీ తప్ప.

డాక్టరు గారూ, ఆ మూడు వారాలు పోకుండా ఉంటే తేడా ఉండేదా?

వార్డు_రౌండ్స్:
అన్నా, వాడు బతికాడు కదా. ఆ మూడు వారాల లెక్క వేసుకోకండి. మీరు బ్రష్ మార్చమన్నారు, వయసులో ఉన్నవాడికి ఎవరైనా అదే చెప్తారు. చదివేవాళ్ళ కోసం మాత్రం చెప్తున్నా, ఆటలాడే పిల్లలకి ఎన్నడూ లేని ఆయాసం, చిగుళ్ళ నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే మచ్చలు, వదలని జ్వరం, ఇవి కలిసి కనపడితే మాత్రలు మింగేముందు సీబీపీ అనే రక్త పరీక్ష చేయించండి. వీధి చివర ల్యాబ్‌లో కొన్ని వందలకే అవుతుంది.

పేరు_వద్దులెండి:
నేను కొత్త ఐడీతో వచ్చాను, కారణం చదివితే తెలుస్తుంది. నాని చివర్లో అడిగాడు కదా, పేరు తీసేయమనొచ్చా అని. నేను తీయలేదు, ఫోన్ ఎత్తడం మానేశాను.

హైదరాబాద్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో క్యాంపు పెట్టారు. టీమ్ అందరం వెళ్ళాం, పుల్ల తిప్పాం, ఫొటోలు పెట్టుకున్నాం, లైకులొచ్చాయి. రెండేళ్ళ తర్వాత ఫోన్, ఒక పేషెంటుకి మీరు మ్యాచ్ అవుతున్నారు అని. వాళ్ళు పేరు చెప్పరు, వయసు మాత్రం చెప్పారు, చిన్న పిల్ల. నేను సరే అన్నాను, ఇంకో రక్త పరీక్షకి కూడా వెళ్ళాను. ఇంట్లో చెప్పాను. అప్పుడు మా ఆవిడకి ఏడో నెల. మామగారు ఊరి నుంచి వచ్చి కూర్చున్నారు, మా అమ్మ అన్నం మానేసింది. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. రేపు నీకేదైనా అయితే పుట్టబోయే బిడ్డ గతేంటి అన్న ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే పైన డాక్టరు గారు రాసినది అప్పుడు నాకు తెలీదు, ఫారం చదవకుండా సంతకం పెట్టాను. ఆ నంబరు నుంచి ఎన్నిసార్లు ఫోనొచ్చిందో లెక్కపెట్టలేదు. తర్వాత రావడం ఆగిపోయింది. ఆ పిల్ల ఏమైందో నాకు తెలీదు.

నానీ, పేరు తీయించుకోవాలంటే ఇవాళే తీయించుకో, ఎవరూ ఏమీ అనరు. ఉంచుకుంటే మాత్రం ఇంట్లోవాళ్ళతో ఇప్పుడే మాట్లాడు, ఫోనొచ్చాక కాదు.

వార్డు_రౌండ్స్:
రాసినందుకు థాంక్స్ అండీ. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు గానీ ఒకటి చెప్పాలి. దాత ఎప్పుడైనా వద్దనొచ్చు, అది హక్కు. కానీ తేదీ ఖాయమయ్యాక పేషెంటుకి బలమైన కీమో ఇచ్చి ఉన్న మారో మొత్తం చంపేస్తారు, కొత్తది వస్తుందన్న నమ్మకంతో. ఆ తర్వాత దాత రాకపోతే పేషెంటుకి వెనక్కి దారి లేదు. మీరు మానేసింది దానికి చాలా ముందే, కాబట్టి ఆ బరువు మీరు మోయనక్కర్లేదు, వాళ్ళు ఇంకొకర్ని వెతికే ఉంటారు. మన దగ్గర ఇలా వెనక్కి తగ్గేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లోవాళ్ళ మాట మీదే తగ్గుతారు, నేను చూసినంతలో.

గుంటూరు_గోంగూర:
జోకులేద్దామని వచ్చాను ఈ థ్రెడ్‌కి. దాత్రికి రేపు మెయిల్ పెడుతున్నా. ముందు మా నాన్నకి చెప్తా.

న్యూహేవెన్_నాని:
అందరికీ చాలా చాలా థాంక్స్. రిప్లై లేటయింది, మిడ్‌టర్మ్స్.

ఆదివారం అమ్మకి ఫోన్ చేసి రిజిస్ట్రీ గురించి ఏం మాట్లాడకుండా ముందు మ్యాండీ కథ చెప్పాను, సుబ్బారావు గారు చెప్పినట్టే, విల్‌కాక్స్ నుంచి మొదలుపెట్టి. తమ్ముడు అక్క నంబరేసుకుని ఆడాడనగానే "ఆ తల్లి ఉందా" అని అడిగింది. ఆ మాటకి నేనేం చెప్పలేకపోయాను. తర్వాత వెన్నెముక కాదని మూడుసార్లు చెప్పాను. చేతి నుంచే తీస్తారంటే "అయితే రక్తం ఇచ్చినట్టేగా, మరి మొన్న ఎందుకు భయపెట్టావు" అని నన్నే తిట్టింది. నేను భయపెట్టానట!

నాన్న ఇంకా ముభావంగానే ఉన్నారు. పేరు_వద్దులెండి గారు రాసింది మాత్రం కాపీ చేసి ఆయనకి పంపాను, బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. పేరు తీయించుకోవట్లేదు. రిజిస్ట్రీ వాళ్ళు నేను దొరక్కపోతే ఎవర్ని అడగాలని ఇంకో నంబరు కూడా అడిగారు, అమ్మది ఇచ్చాను. అమెరికా నంబరు కనపడితే ఫ్రాడ్ కాల్ అని కట్ చేసేస్తుంది ఆవిడ, ఇకనుంచి ఎత్తమని చెప్పాను.